కొండ అంకె

మా కొండకు ఒక అంకె ఉంది:
రెండు వందల ఎనభై ఎనిమిది.
చలికాలాన్ని అది దాటించగలిగే గొర్రెలు అన్ని.
తోలు అట్ట పుస్తకంలో మొదటి పేజీలోనే ఉంది,
ఎవరి దస్తూరీయో తెలీదు.
ఫారో దీవుల్లో కొండ కొండకూ ఇలాగే ఒకటి,
మనిషికి ఇంటిపేరు ఉన్నట్టు.

అక్టోబర్‌లో మందను దొడ్డిలోకి తోలి
చెవి గాట్లు చూసి, వేళ్లు మడిచి లెక్కపెడతాం.
అంకె దాటినవి గాలికొట్టులోకి వెళ్తాయి.
చెక్కల సందుల్లోంచి ఉప్పుగాలి వచ్చి
క్రిస్మస్ దాకా వాటిని మెల్లగా ఆరబెడుతుంది.
ఇందులో కనికరం ఉందని అనను.

మా నాన్న హానుస్ లెక్క తప్పాడు.
తప్పలేదు, తెలిసే దాటాడు.
మూడేళ్లు వరసగా మెత్తటి చలికాలాలు,
జనవరిలో కూడా వాగు ఆగలేదు.
"గడ్డి మోకాలి దాకా ఉంది, కొయ్యడం దేనికి?"
మూడు వందల ముప్ఫై.
మరుసటి ఏడు నాలుగు వందల పైచిలుకు.
ఊరంతా పచ్చి ఉన్ని వాసన.
మా అమ్మ సున్వా కొత్త పొయ్యి కొంది,
నాకు ఎర్ర బూట్లు వచ్చాయి.
పొంగే పాలు
గిన్నె అంచు దాకా ముచ్చటే.

కొండ మాత్రం చెప్తూనే ఉంది.
గడ్డి మొదళ్లు పొట్టివయ్యాయి.
నాచు లేచిపోయిన చోట నల్లమట్టి
చిరిగిన చొక్కాలోంచి మోచేయిలా బయటపడింది.
ఆ వసంతంలో కవలలు పుట్టలేదు,
పుట్టినవి పిల్లికూనల్లా తేలిగ్గా ఉన్నాయి.
ఎత్తి చూశాను. నాన్నకు చెప్పలేదు.
బూట్లు ఇంకా కొత్తవి.

నాలుగో చలికాలం వాన కురిసి
కురిసినది కురిసినట్టే గడ్డకట్టింది.
అద్దం కింద గడ్డి పచ్చగా కనపడుతూనే ఉంది.
గొర్రెలు గిట్టలతో అద్దాన్ని తన్నాయి.
తర్వాత ఒకదాని వీపు మీది ఉన్ని ఒకటి తిన్నాయి.
కొన్ని, సముద్రం మీదికి వంగిన అంచున
ఎవరూ కొరకని ఒక్క పరక కోసం
ఒక అడుగు ఎక్కువ వేశాయి.
ఏప్రిల్‌లో లెక్కపెట్టాం.
నూట తొమ్మిది.

నూట తొమ్మిదింటికి గడ్డి బోలెడనుకున్నాం.
చాల్లేదు.
పట్టు వదిలిన మట్టి వానకు జారి సముద్రంలో కలిసింది,
దాంతోపాటు అంకె కూడా కొంత.
మొదటి పేజీ కింద ఇప్పుడు నాన్న దస్తూరీలో ఇంకోటి ఉంది:
రెండు వందల నలభై.
ఒత్తి రాశాడు, కలం కాగితాన్ని చీల్చింది.

మనుషులకూ ఉండేది అంకె.
భూమి లేనివాడు పెళ్లాడరాదని ఒకప్పుడు చట్టం.
చట్టం పోయినా దాని అలవాటు
మా లోయలో ఇంకో రెండు తరాలు కూర్చుంది.
మా ముత్తవ్వ అక్క బిల్లాకి
తెడ్డేసే డాన్యల్ అంటే ఇష్టం.
అతనికి తెడ్డు ఉంది, చేను లేదు.
డెబ్బై ఏళ్లు ఆమె తమ్ముడి పొయ్యి పక్కన
ఎవరి పిల్లలకో మేజోళ్లు అల్లింది.
"పదమూడు ఇళ్లు, పదమూడు పొగలు,
ఎంత చక్కగా నిలబడిందీ ఊరు!" అనేవాళ్లట
పడవ దిగిన కొత్తవాళ్లు.
నిలబడడం అంటే ఏమిటో
బిల్లాను ఎవరూ అడగలేదు.
అల్లికలో ఎప్పుడూ ఒక ముడి ఎక్కువ వేసేదట,
రాత్రికి విప్పేసేదట.

ఈ ఏడు లెక్క నాది.
చివరి గొర్రెపిల్ల దగ్గర వేళ్లు ఆగాయి:
రెండు వందల నలభై ఒకటి.
ఎడమ చెవి వంకర. నా మణికట్టు మీది ఉప్పు నాకింది.
పొగమంచు దిగుతోంది.
మేనల్లుడు హోగ్ని కత్తి పట్టుకుని నిలబడ్డాడు.
"ఎన్ని, అత్తా?"

పుస్తకంలో నలభై అనే రాశాను.
గేటు ఎందుకు తెరిచానో
హోగ్ని అడగలేదు.

రాత్రి చప్పుడుకి మెలకువొచ్చింది. వాన.
గుమ్మంలోకి వచ్చి, వంగి,
రాతిమెట్టు గుంటలో నిలిచినదాన్ని
వేలితో తాకి చూశాను.
ఇంకా నీరే.